అమ్మ గొంతు, ఆకుపచ్చ గీత

లహరి అడిగింది ఒక్క రెసిస్టరే. అది తెర మీదకొచ్చి మౌస్ బాణానికి అంటుకుంది, సరే, నొక్కింది, అక్కడ పడింది, బాగానే ఉంది, తీరా చెయ్యి పక్కకి జరిపితే ఇంకోటి పుట్టుకొచ్చి వెంటపడింది, దాన్ని వదిలించుకుందామని ఖాళీ చోట నొక్కితే అదీ అక్కడే అతుక్కుపోయి దాని వెనక మరొకటి తయారు. కుడి మీట నొక్కితే పోవాలి కదా, పాతదాంట్లో అలాగే పోయేది. ఈ కొత్తదాంట్లో కుడి మీట నొక్కితే ఓ చిన్న గడి తెరుచుకుని రెసిస్టర్‌కి ఏ రంగు కావాలని అడుగుతోంది. రంగు దేనికి, పెళ్లికూతురా అది? మొన్న పరీక్షలయ్యేదాకా ల్యాబ్‌లో ఉన్న సర్క్యూట్ గీసి నడిపి చూసుకునే సిమ్యులేటర్ ఎంత బాగుండేది, ముక్కలన్నీ ఎడమ పక్కన వరసగా కనపడేవి, కావలసినది లాక్కొచ్చి పెట్టుకోవడమే. సరిగ్గా ఇవాళ్టికే ఎవరికో కొత్తది ఎక్కించాలని బుద్ధి పుట్టాలా! పక్కన స్టూలు మీద కూర్చున్న వాళ్లమ్మ పోలమ్మ తెర వంక, తెర మీద చీమల్లా పాకిన రెసిస్టర్ల వంక చూసి, అరచెయ్యి తిరగేసి గాల్లో ఆడించింది. ఏంటిదంతా అని. "ఏం లేదులేమ్మా, కాసేపాగు" అంది లహరి. అమ్మ ఆగింది. ఆగక చేసేదేముంది, అనడానికి గొంతు లేనప్పుడు, అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసి ఎస్కేప్ మీటని కోపంగా కొట్టింది లహరి. బాణానికి వేలాడుతున్న రెసిస్టర్ టక్కున మాయమైంది. ఇంతేనా? ఇంతమాత్రానికా ఇంతసేపు?

గది చివర బల్ల దగ్గర శామ్యూల్ రాజ్ గారు రికార్డు పుస్తకాలు కట్టలు కడుతున్నారు. ల్యాబ్ ఆయనదే. తెల్లారితే వేసవి సెలవులు, ఆ కట్టలు అయ్యాయంటే తలుపుకి తాళం పడుతుంది, మళ్లీ కాలేజీ తెరిచేదాకా ఈ గది తియ్యరు. తెరిచేటప్పటికి లహరి ఈ కాలేజీ పిల్ల కాదు, డిప్లొమా చివరి పరీక్ష రాసేసింది, ఈ కుర్చీలో కూర్చోనివ్వరు. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌లో ఇలాంటివేవీ నడవవు, ప్రయత్నించి చూసింది, బొమ్మ గీసేలోపే వేడెక్కి ఆరిపోయింది. పోనీ నెమ్మదిగా చేద్దామంటే గుడివాడలో అయ్యప్ప ఆగడు. తన క్లాసువాడే, వాళ్ల మావయ్య సెల్‌ఫోన్ కొట్లో రిపేర్లు చేస్తాడు, రేపు పొద్దున్నే చెన్నై బండెక్కి ఉద్యోగంలో చేరబోతున్నాడు. "చీకటి పడేలోపు రెసిస్టర్ విలువ పంపెయ్యి, బోర్డు చేసి మీ నాన్న స్నేహితుడి ఆటోకిచ్చి పంపుతా. తిప్పుకునే మీట పెడదామంటే మీ అమ్మ మాట్లాడే ఆ యంత్రంలో చోటు లేదు. ఒకటే విలువ, సరిగ్గా చూసుకో. నేనెళ్లాక మార్చమంటే మార్చేవాడు లేడు" అన్నాడు. ఒకటే విలువ. అమ్మ ఇకనించీ ఏ గొంతుతో మాట్లాడాలో ఆ విలువే చెప్పాలి.

గ్రౌండ్ గుర్తు కావాలిప్పుడు. ఏ సర్క్యూట్‌కైనా మొట్టమొదట కావలసింది అదే, మూడు గీతలు ఒకదానికింద ఒకటి పొట్టివవుతూ ఉండే గుర్తు, దాన్నెక్కడ దాచారు మహానుభావులు? ముక్కలు అనే పేరు కింద లేదు. మూలాలు అనే పేరు కింద బ్యాటరీలున్నాయి, ఇది లేదు. ఇతరాలు అని ఒకటుంది, అందులో మోటార్లు, దీపాలు, ఎవరికీ అక్కర్లేని గంట బొమ్మ ఒకటి. వెతికే గడిలో గ్రౌండ్ అని కొడితే ఏమీ దొరకలేదంది. ఎర్త్ అని కొట్టింది. దొరకలేదు. అమ్మ చేతిరుమాలు లాంటి నూలుగుడ్డని మెడ మీద సర్దుకుంది. ఆ గుడ్డ కింద, రెండు ఎముకలు కలిసే పల్లంలో ఒక రంధ్రం, అమ్మ ఊపిరి ఇప్పుడక్కణ్ణించే. చుట్టలు కాల్చి కాల్చి గొంతులో పుండైతే, మొదట బొంగురన్నారు, జలుబన్నారు, మిరియాల కషాయమన్నారు, చివరికి పెద్దాసుపత్రిలో కోసి స్వరపేటికంతా తీసేశారు. గుడ్డ జారకుండా అమ్మ చిలకలపూడి పిన్నీసు పెట్టుకుంటుంది, రోల్డుగోల్డు నెమలి బొమ్మది. ఆసుపత్రిలో పిన్నీసు చూసిన నర్సమ్మ బాగుందని మెచ్చుకుంటే, ఎక్కడ కొన్నదో చెప్పడానికి అమ్మ ఎంత అవస్థ పడిందో. చిలక అని చెయ్యిని ముక్కులా వంచింది, పూడి అని మట్టి పూడ్చినట్టు చూపించింది, నర్సమ్మకి అర్థం కాలేదు, అమ్మకి ఒళ్లు మండింది, మంచం పక్కన గ్లాసు ఎత్తి టంగున కొట్టింది. రాయడం వస్తే రాసేది. బడి గడప తొక్కలేదు అమ్మ. అక్షరమ్ముక్క రాకపోయినా నోరుంది, అదొక్కటీ చాలింది ఇన్నేళ్లూ.

పక్కన బొమ్మలున్న పట్టీలో చివరి బొమ్మ మీద బాణం ఊరికే ఆపితే, అప్పుడు తెరుచుకుంది ఒక చిన్న అర, అందులో ఉంది గ్రౌండ్. పేరేమిటట? సున్నా. దాన్ని సున్నా అని పిలుస్తారట. లహరికి నవ్వూ రాలేదు ఏడుపూ రాలేదు. తెచ్చి పెట్టింది. ఎనిమిది కాళ్ల టైమర్ చిప్పు పెట్టింది, కెపాసిటర్ పెట్టింది, తీగలు లాగింది. రన్ నొక్కింది. ఎర్రక్షరాలు. ఏదో కాలు దేనికీ కలవలేదట. కలిపాను కదా, కనపడుతోంది కదా, తీగ తిన్నగా వెళ్లి కాలికి తగిలింది కదా! తగలడం వేరు, కలవడం వేరట దీనికి. రెండూ ముట్టుకున్న చోట చిన్న చుక్క పడితేనే కలిసినట్టు. చుక్క పడాలంటే దగ్గరికి వెళ్లి చూడాలి, దగ్గరికి వెళ్దామని మౌస్ చక్రం ముందుకి తిప్పితే బొమ్మ దూరమైపోయింది, వెనక్కి తిప్పితే మీదికొచ్చి పడింది, అదీ తను చూద్దామనుకున్న మూల కాదు, వేరే మూల. "ఏమ్మా, అయిందా?" అన్నారు శామ్యూల్ రాజ్ గారు ట్వైన్ దారం పళ్లతో తెంపుతూ. "అయిపోవచ్చిందండీ సార్" అంది. "నాకూ ఈ కొత్తది రాదమ్మా, వస్తే చెప్పేవాణ్ణే" అన్నారాయన, ఇంకో కట్ట ముందుకి లాక్కుంటూ. ఎన్ని కట్టలున్నాయో చూద్దామని లహరి తల తిప్పలేదు.

అమ్మ బల్ల మీద వేలితో కొట్టింది, టక్, టక్. రెండు కొడితే 'ఏమైంది' అని. ఒకటి కొడితే 'సరే'. ఆ లెక్క నాన్న పెట్టాడు. నాన్న పోతయ్య వేటకి వెళ్లినప్పుడు సిగ్నల్ అందేచోట పడవ ఆపి ఫోన్ చేస్తాడు. ఇదివరకైతే ఫోన్ అక్కర్లేకుండానే వినపడేలా మాట్లాడేది అమ్మ, నాన్న ఫోన్‌ని చెవికి మూరెడు దూరంలో పట్టుకునేవాడు. ఇప్పుడు నాన్న ఆ పక్క మాట్లాడతాడు, బియ్యమున్నాయా, మందులేసుకున్నావా, అమ్మ ఈ పక్క గోటితో ప్రశ్నకొకటి చొప్పున ఫోన్ మీద కొడుతుంది. టక్. టక్. ఒకరోజు నాన్న ఏమన్నాడో, అమ్మ కొట్టలేదు, ఫోన్ లహరి చేతికిచ్చేసింది. అవతల ఇంజను చప్పుడు, దాని వెనక నాన్న ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఏం లేదే అమ్మడూ, తిట్టమన్నానంతే. తిట్టి ఎన్నాళ్లయిందీ అన్నాను" అన్నాడు.

ఏం గొంతది! గిలకలదిండి రేవులో చేప కొని, తెల్లవారే పాసింజర్‌కి గుడివాడ వెళ్లి, గంపెత్తుకుని వీధులన్నీ తిరిగేది. చిన్నప్పుడు బడికి సెలవైతే లహరి కూడా వెళ్లేది. పెడన దాటాక ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుని మరమరాలు తినేవాళ్లు, అమ్మ రైలుపెట్టెలో ఈ చివర కూర్చుని ఆ చివర ఉన్న మనిషితో కబుర్లాడేది, మధ్యలో ఉన్నవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. లహరికి సిగ్గేసేది. పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో ఒకసారి అమ్మ కాలేజీ గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిస్తే పై అంతస్తు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ గేటులోంచే అమ్మ ఇవాళ చప్పుడు లేకుండా వచ్చింది, చెప్పులు కూడా చేత్తో పట్టుకుని. వాసన కూడా పోయింది అమ్మకి. ముక్కులోంచి గాలి ఆడదు కదా. గంప మూత తీయకుండానే ఏ చేప ఎప్పటిదో చెప్పే మనిషి, ఇప్పుడు మొప్పలో వేలు పెట్టి, ఎత్తి, వెలుగులోకి తిప్పి చూసి కొంటోంది. తెర మీద చుక్క పడింది. పడిందా? పడింది. అన్ని చోట్లా పడింది. రన్.

ఈసారి ఎర్రక్షరాలు రాలేదు. కింద మూల శాతం అంకె కదలకుండా కూర్చుంది. కదలదేం? పాత కంప్యూటర్ కదా, ఆలోచించుకుంటోందేమో. అమ్మకి మాట్లాడడానికి ఆసుపత్రిలో ఇచ్చిన యంత్రం మంచిదే, ఎవరో దాత తాలూకుది, బూడిదరంగు టార్చిలైటులా ఉంటుంది, గొంతు పక్కన ఆనించి మీట నొక్కితే బుర్రుమంటుంది, ఆ బుర్రుని నోట్లో తిప్పి మాట చేసుకోవాలి. మాటలు నేర్పే మేడమ్ నెల తిరక్కుండానే అమ్మకి బాగా వచ్చిందని మెచ్చుకుంది. తీరా రేవుకి పట్టుకెళ్లి మొదటి బేరం ఆడితే చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. మగవాళ్ల కోసం చేసిన యంత్రమట, దోమల మందు కొట్టే బండి మాట్లాడుతున్నట్టు ఉంది. "పోలమ్మక్కకి మీసాలొచ్చాయర్రా" అన్నాడెవడో. అమ్మ దాన్ని తెచ్చి లహరి ఒళ్లో పడేసి మళ్లీ ముట్టుకోలేదు. లహరి విప్పి చూసింది, లోపల ఒక బోర్డు, ఒకటే స్వరం. ఆ బోర్డు తీసి వేరేది పెడితే స్వరం మారుతుందని ఆరోజే అనుకుంది. ఫోన్‌లో అమ్మ పాత వీడియో ఒకటుంది, బాబాయి పెళ్లిలో ఎవరితోనో పోట్లాడుతున్నది, అందులోంచి అమ్మ గొంతు సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో ఒక యాప్‌తో కొలిచింది, దాని ప్రకారం రెసిస్టర్ విలువ లెక్క కట్టింది. ఒక మెగా ఓమ్‌కి కాస్త తక్కువ. లెక్క సరిగ్గానే ఉంది. మరి శాతం కదలదేం?

ఆపేసి, వచ్చినంతవరకూ గీత గీయమని రెసిస్టర్ మీద బాణం పెట్టింది. పక్కన అంకె చూసి కుర్చీలో వెనక్కి పడింది. వేల ఆంపియర్లు! చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీలోంచి వేల ఆంపియర్లు, ఊరంతటికీ సరిపోయే కరెంటు అమ్మ గొంతులోకి. ఇంత కరెంటు వెళ్లాలంటే ఆ రెసిస్టర్ లేనట్టే ఉండాలి. లేనట్టే. తను ఎమ్ అని రాసింది, పెద్ద ఎమ్. మెగా అనుకుని రాసింది. ఈ వెధవ సాఫ్ట్‌వేర్‌కి పెద్ద ఎమ్మైనా చిన్న ఎమ్మైనా ఒకటే, రెండూ మిల్లీ. కోటి కోట్ల తేడా కాదూ? కాదు, వంద కోట్ల రెట్లు, ఎంతైతేనేం, మెగా కావాలంటే మెగ్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలూ కొట్టాలట! కొన్ని సాఫ్ట్‌వేర్లకి ఇలా ఉంటుందని క్లాసులో చెప్పారేమో, చెప్పిన రోజు తను ఆసుపత్రిలో ఉందేమో. "నువ్వు మనిషివైతేనా..." అంది పళ్లు బిగబట్టి తెరతో. అమ్మ భుజాలు కదిలాయి. తిరిగి చూస్తే నవ్వుతోంది, చప్పుడు లేకుండా, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడేలా. "నీకు నవ్వులాటగా ఉందా? ఇంకాసేపట్లో తాళం వేసేస్తారు!" అమ్మ నవ్వు ఆపింది. ఒక వేలితో బల్ల మీద కొట్టింది. టక్.

మెగ్. రన్. అంకె పరిగెత్తింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత లేచి, కాసేపు నిలబడి, పడి, మళ్లీ లేచింది. మెట్లు మెట్లుగా, ఎంత నిదానంగా, ఎంత చక్కగా! ఇది కళ్లకి. చెవులకి కావాలంటే ఇంకో అవస్థ. గీతని పాటలా మార్చి దాచమని ఒక వరస ఆదేశం రాయాలి, రాసింది, దాచానంది, ఎక్కడ దాచావంటే చెప్పదు. డెస్క్‌టాప్ మీద లేదు. తన ఫోల్డర్‌లో లేదు. తెరిచిన ప్రతి గదిలోనూ ఇంకో గది, పేర్లన్నీ ఒకేలాగా. చివరికి తాత్కాలికం అనే ఫోల్డర్ అడుగున దొరికింది, కొద్ది సెకన్ల ముక్క. ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే చోటు కంప్యూటర్ వెనకాల, బల్ల కింద, దుమ్ములో. మోకాళ్ల మీద కూర్చుని తడిమి తడిమి పెట్టింది. పైకొచ్చేటప్పుడు బల్ల అంచు తలకి తగిలింది. ఒక మొగ్గ అమ్మ చెవిలో పెట్టి, ఒకటి తన చెవిలో పెట్టుకుని, నొక్కింది.

బుర్రుమంది. కానీ దోమల బండి కాదు, ఆడమనిషి తాలూకు బుర్రే. వీడియోలో ఉన్న అమ్మే ఇది, పోట్లాటలో మాటలన్నీ తీసేస్తే మిగిలేది ఇదే. "ఎలా ఉందే?" అని అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. వేలు కిందకి చూపించింది. "ఇంకా బొంగురుగానా? కాదమ్మా, నీ గొంతే ఇది, కొలిచాను." అమ్మ వేలు కిందకే. లహరి విలువ మార్చింది, రన్ చేసింది, పాట చేయించింది, పాత పాట తెరుచుకుని ఉండగా కొత్తది రాయనంది, మూసింది, మళ్లీ రాయించింది, నొక్కింది. అమ్మ వేలు కిందకి. మళ్లీ మార్చింది. కిందకి. "మగవాడిలా అయిపోతుందే, మళ్లీ నవ్వుతారు!" గొంతు పెరిగింది, శామ్యూల్ రాజ్ గారు తలెత్తారు. అమ్మ కోపంగా లహరి చెయ్యి పట్టుకుంది. ఆ అరచేతిని తన రొమ్ము ఎముక మీద, గుడ్డకి కిందుగా, గట్టిగా ఆనించుకుంది. పెదాలు కదిలాయి, ఏ చప్పుడూ లేదు, చెయ్యికి ఏమీ తెలియలేదు, ఊపిరి తప్ప. అమ్మ రెండో చేత్తో తన చెవి చూపించి, మళ్లీ ఎముక చూపించింది. ఇక్కణ్ణించి వినేదాన్ని అని.

అప్పుడు తట్టింది లహరికి. ఫోన్‌లో తన గొంతు తను విన్నప్పుడల్లా ఎవరో సన్నగా మాట్లాడుతున్నట్టు ఉండి చెవులు మూసుకోబుద్ధేస్తుంది కదా, ఎవరి గొంతైనా వాళ్లకి లోపల్నించి, ఎముకల్లోంచి, బరువుగా వినపడుతుంది కదా. వీడియోలో గొంతు ఊరికి వినపడిన గొంతు. అమ్మ అది ఎప్పుడూ వినలేదు. ఇన్ని నెలలుగా తను కూతురుగా, ఇంజనీరుగా, లెక్కలు కట్టి కట్టి తయారు చేసింది తన చెవిలో ఉన్న అమ్మని. అమ్మకి కావలసిన అమ్మ వేరే. ఎవరి గొంతు ఇది? ఎవరు మాట్లాడాలి దీంతో? విలువ ఇంకొంచెం మార్చింది. కిందకి. ఇంకొంచెం. అమ్మ వేలు కదల్లేదు. కళ్లు మూసుకుంది. మళ్లీ వేయమన్నట్టు మోచేత్తో పొడిచింది. వేసింది. తొలి గొంతుకి కిందా, దోమల బండికి చాలా పైనా ఎక్కడో, తడి ఇసక మీద పడవ లాగుతున్నట్టుగా ఉందది. టక్, అని కొట్టింది అమ్మ.

లహరి ఫోన్ తీసి అయ్యప్పకి విలువ పంపింది. మెగ్ అని రాసి, మెగా ఓమ్స్ రా బాబూ అని కూడా రాసింది. తలెత్తేసరికి అమ్మ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి చూస్తోంది. చీర చెంగుతో తుడిచింది. బుగ్గ పక్కనించి నోట్లో పెట్టుకుంది. "అదేంటమ్మా, ఛీ, దుమ్ము..." అనబోయి ఆగింది లహరి. కొంతమందికి యంత్రం బుర్రుని సన్నటి గొట్టంతో నోట్లోకి పంపి నేర్పిస్తారని మాటల మేడమ్ చూపించిన సంగతి అమ్మ మర్చిపోలేదు. లహరి సౌండు చివరికంటా పెంచి నొక్కింది. అమ్మ పెదాలు కదిలాయి. బుర్రు కాస్తా ఇరుకైంది, విచ్చుకుంది, సన్నగా, బావిలోంచి వచ్చినట్టు, ఒక మాట అయింది.

"బులుసు."

పాట అయిపోయింది. అమ్మ బల్ల మీద దబదబా కొట్టింది. లహరి నొక్కింది.

"నీ బులుసు. ఉబ్బు." అయిపోయింది. ఉబ్బేమిటి? నొక్కింది. "ఉబ్బు... ఎగ్గువ." పకారాలన్నీ బకారాలవుతాయి ఈ యంత్రంతో, మేడమ్ చెప్పింది. ఉప్పు. పులుసులో ఉప్పు ఎక్కువ. ఆపరేషన్ అయి ఇంటికొచ్చినప్పటినించీ వంట లహరిదే. రోజూ అమ్మ పులుసు కలుపుకుని, తల వంచుకుని, కంచం ఖాళీ చేసి లేచేది. వాసన లేదు, ఘాటు లేదు, నాలిక్కి మిగిలింది ఆ ఉప్పొక్కటే, అది కూడా ఎక్కువ. "ఇన్నాళ్లూ మాట్లాడకుండా తిన్నావా? కంచం అవతలికి తోసెయ్యొచ్చుగా!" అంది లహరి, కోపం తెచ్చుకోబోతూ. అమ్మ వేలితో మీట చూపించింది, ముందు అది నొక్కు అని. మళ్లీ మళ్లీ దానంతటదే వేసే బొత్తాం ఉండాలి, ఎక్కడ పెట్టారో, రెండు బాణాలు గుండ్రంగా తిరిగే బొమ్మ, పాతదాంట్లో ఎదురుగానే ఉండేది.

శామ్యూల్ రాజ్ గారు తాళంచెవులు పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డారు. "ఎవరమ్మా మాట్లాడింది?"

"మా అమ్మండీ. నన్ను తిడుతోంది."

ఆయన తాళంచెవులు జేబులో వేసుకుని పక్క కుర్చీ లాక్కున్నారు. అమ్మ ఆయనకి నమస్కారం పెట్టి, అంతలోనే కూతురి వైపు తిరిగి ఇంకేదో మొదలుపెట్టింది. బొత్తాం ఇంకా దొరకలేదు. బుర్రు ఆగిపోయినా అమ్మ పెదాలు ఆగలేదు, ఇన్నాళ్ల మాటలు ఒకదాని మీదొకటి పడి చప్పుడు లేకుండా వెళ్లిపోతున్నాయి. లహరి వెతకడం మానేసి, ప్రతి ముక్క అయిపోగానే చేత్తోనే నొక్కుతూ కూర్చుంది.